ముక్కాయన

గాజుగొట్టం మూత కొద్దిగా వదులుచేసి, అరచేత్తో దాని మీది గాలిని తనవైపు విసురుకుని, ముక్కాయన కళ్ళు మూసుకున్నాడు. బల్ల చుట్టూ నిలబడ్డవాళ్ళు మాటలాపారు. కిటికీలోంచి పడ్డ ఎండలో ఆయన చెంప మీది నెరిసిన గడ్డం మొలకలు ఉప్పు చల్లినట్టు మెరిశాయి. సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పేవాడు నోరు విప్పేముందు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"బతికుంది," అన్నాడు.

ఆ గొట్టం చేతులు మారి అవతలికి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. మళ్ళీ గాలి విసురుకున్నాడు, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"ఇది పోయింది. పారబొయ్యండి."

రెండు గొట్టాల్లో దేని వాసనా ఆయనకి తెలియలేదు. తెలియక చాలా కాలమైంది.

ఆ ప్రయోగశాలలో ప్రోటీన్లు కొలుస్తారు. బఫరనే ఉప్పునీళ్ళలో ప్రోటీన్ కలిపి, దాన్లోంచి కంటికి కనపడని వెలుగును పంపితే, అందులో ఎంత వెలుగును అది మింగిందో మిషను చెబుతుంది. దాన్నిబట్టి ప్రోటీన్ ఎంతుందో లెక్క తేలుతుంది. అయితే ప్రోటీన్ చెప్పినమాట వినే రకం కాదు. గాలి సోకితే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడుతుంది. అలా కాకుండా ఒక మందు కలుపుతారు. పుస్తకాల్లో దాన్ని క్షయకరణి అంటారు. గాలితో పోట్లాట తన మీద వేసుకుని, తను అరిగిపోతూ, ప్రోటీన్ని కాపాడటం దాని పని. పూర్తిగా అరిగిపోతే ఆ గదిలో వాళ్ళు చచ్చిపోయిందంటారు. చచ్చిన మందుతో ఇంకో తంటా ఉంది. అది కూడా వెలుగును మింగుతుంది. అప్పుడు లేని ప్రోటీన్ ఉన్నట్టు మిషను అబద్ధం చెబుతుంది.

అందుకే గొట్టాన్ని మిషనులో పెట్టేముందు ఎవరో ఒకరు వాసన చూడాలి. బతికున్న మందు కంపు కొడుతుంది. కుళ్ళిన గుడ్డునీ కాలిన రబ్బరునీ ఒకచోట చేర్చినట్టుంటుంది. చచ్చినదానికి ఆ కంపు ఉండదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గదిలో ఎవరో మొదలెట్టారు, నిలిచిపోయింది. మొదట్లో అందరూ చూసేవాళ్ళు. తలనొప్పులు పడలేక ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మందులు కలిపే ఈయన ముక్కొక్కటే మిగిలింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు పోయి అదే పేరయింది.

ఇప్పుడాయన ముక్కుతో చూడటం లేదు. కళ్ళతో చూస్తున్నాడు. గొట్టం అందించేవాళ్ళ ముక్కుపుటాలు ముడుచుకున్నాయా, తల కాస్త వెనక్కి జరిగిందా, అని చూస్తాడు. ముడుచుకుంటే బతికున్నట్టు. లేకపోతే చచ్చినట్టు. ఆ తర్వాతే కళ్ళు మూసుకుంటాడు. అదంతా ఉత్త తతంగం.

ఎవరికైనా చెప్పే వీలు లేదు. ఆ గది గోడ మీద అద్దం బిగించిన బోర్డొకటి ఉంది. 'వాసన తెలియనివారు ఈ గదిలో పనిచేయరాదు.' దాని కింద ప్రయోగశాల నడిపే మేడమ్ గారి సంతకం. ఆ మందు రకాల్లో కంపుసీసా అని వాళ్ళు పిలుచుకునే మెర్కాప్టో మంచినీళ్ళలా కనిపిస్తుంది గానీ విషం. పీల్చినా చెడ్డదే, ఒంటికి అంటినా చర్మంలోంచి లోపలికి దిగుతుంది. ఒలికితే పారిపొమ్మని చెప్పేది దాని కంపే. "దీనికున్న మంచిగుణం అదొక్కటే," అనేది మేడమ్.

గదిలోంచి తీసేస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. ఆయన భయం అక్కడ.

క్వార్టరు ప్రయోగశాల వెనక గోడ అవతలే. ఒక గది, వంటిల్లు, వెనక మెట్టు. ఆయన భార్యకి చూపు మసకబారి, ఆ తర్వాత మొత్తంగా పోయింది ఆ ఇంట్లోనే. అందుకని ఇల్లంతా ఆమె చేతులకి తెలుసు. ఉప్పుడబ్బా ఎక్కడుందో, గుమ్మం చెక్క ఎక్కడ లేచిందో, వానకి ఏ మూల చెమ్మగిల్లుతుందో కళ్ళున్నవాళ్ళకంటే ముందు చెబుతుంది. కత్తిపీట ముందు కూర్చుంటే కూరముక్కలన్నీ ఒకే కొలతలో పడతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెకి చూపు లేదంటే నమ్మరు. వెనక గేటు దాటితే మాత్రం ఆమె చెయ్యి ఆయన భుజం మీదే.

"ఈ ఇల్లుంది కాబట్టి సరిపోయింది," అంది ఒకసారి. "ఇంకో ఇంట్లో పెట్టావంటే రెండోసారి గుడ్డిదాన్నవుతా. మళ్ళీ నేర్చుకునే ఓపిక నాకు లేదయ్యా."

ఆయన ముక్కు సంగతి మొదట కనిపెట్టింది ఆమే. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే ఆయన పక్కనే పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆమె పెరట్లోంచి గోడ తడుముకుంటూ పరుగున వచ్చింది.

"ఏమయ్యా, ఇల్లు తగలబెట్టి పేపర్లో వేయించుకుందామనా?"

ఆయన గిన్నె వంక చూశాడు. పొగ వంక చూశాడు. ఆమె పొయ్యి కట్టేసి, ఆయన మొహం రెండు చేతులతో తడిమి, బొటనవేలితో ముక్కు మీద ఒక్కటి కొట్టింది.

"ఎప్పట్నించి?"

"ఏమో. ఎవరు చూశారు?"

"బాగుంది సంబడం. నాకు కళ్ళు లేవు, నీకు ముక్కు లేదు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషవుతాం."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత చాలాసేపు ఆమె ఆయన చెయ్యి వదల్లేదు.

ఆ రెండు గొట్టాల సంగతి తేల్చిన రోజు పొద్దున్నే, తతంగం అయ్యాక మేడమ్ ఆయన్ని తన బల్ల దగ్గరికి పిలిచింది. ఆమె ముందు మూడు గాజుగొట్టాలున్నాయి, పక్కన మిషను సన్నగా గుర్రుమంటోంది. ఆమె మొహానికి మాస్కు కట్టుకుంది. కళ్ళ కిందినుంచి గడ్డం దాకా తెల్లటి గుడ్డ. ముక్కుపుటాలు కనపడే వీలు లేదు.

"కూర్చోండి," అంది మేడమ్. "ఈ లెక్కల్లో ఏదో తేడా వస్తోంది. కొన్నాళ్ళుగా వస్తోంది. ప్రోటీన్ ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపిస్తోంది. అందుకని మూడు మందులూ విడివిడిగా బఫర్లో కలిపి పెట్టాను. ప్రోటీన్ వెయ్యలేదు. ఉత్త మందు, ఉత్త బఫరు. మిషను వీటికి దాదాపు ఏమీ చూపించకూడదు. ముందు మీరు చూసి చెప్పండి."

మొదటి గొట్టం అందుకున్నాడు. గాలి విసురుకున్నాడు. ఆమె మొహం చూశాడు. తెల్లగుడ్డ తప్ప ఏమీ లేదు. కళ్ళు చూశాడు. నీళ్ళూరుతున్నాయి.

"మెర్కాప్టో. బతికుంది."

"ఊఁ."

రెండోది డీటీటీ, తెల్ల పొడి కలిపి చేసేది. దాని కంపు ఎప్పుడూ తక్కువే. మేడమ్ కళ్ళు మామూలుగా ఉన్నాయి. కంపు లేకా, తక్కువ కాబట్టా? తను ఆ పొడి ఎప్పుడు కలిపాడో గుర్తు తెచ్చుకోబోయాడు. ఇది తను కలిపింది కాదు.

"ఇదీ బతికే ఉందమ్మా."

మూడోది టీసెప్. కొత్తగా వచ్చిన మందు. బతికున్నా చచ్చినా దానికి వాసనుండదని ఆయనకి తెలుసు. "దీనికి కంపే లేదు కదమ్మా," అన్నాడు. ఆ రోజు ఆయన నోట వచ్చిన పూర్తి నిజం అదొక్కటే.

మేడమ్ గొట్టాల్లోంచి తీసి ఒక్కొక్కటే మిషనులో పెట్టింది. మెర్కాప్టోకి తెర మీది గీత కొద్దిగా లేచింది. టీసెప్ కి కదల్లేదు. డీటీటీకి గీత గుట్టలా పైకి లేచింది. ఎండలో నిలువునా పైకెత్తిన పాము పడగలా తెర మీద అలాగే ఆగిపోయింది.

ఆమె మాస్కు కిందికి లాగింది.

"ఇది చచ్చి చాలా రోజులైంది. కావాలనే మూత తీసి బయట పెట్టాను. ఏ వాసనా లేదు దీనికి. మీరు బతికుందన్నారు."

"జలుబు చేసిందమ్మా."

"ఎప్పట్నించి?"

"నిన్న... నిన్నట్నించే."

మేడమ్ ఆయన్నే చూస్తూ ఉంది. ఆయన తన గోళ్ళు చూసుకున్నాడు. మిషను గుర్రుమంటూనే ఉంది. గోడ మీది బోర్డు వైపు ఆమె చూస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. చూస్తే అయిపోయినట్టే. వెనక గోడ అవతల, అదే సమయానికి, ఒక మనిషి చేతులు అలవాటైన అల్మరాలో అలవాటైన డబ్బా అందుకుంటూ ఉంటాయి.

"సరే," అంది మేడమ్ చివరికి. "తప్పు మీది కాదు. ముక్కుతో నడిచే లెక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది? డీటీటీ చచ్చాక వెలుగు మింగేస్తోంది. మెర్కాప్టో అటూ ఇటుగా ఉంది, పైగా విషం. ఇక నుంచి టీసెప్పే. మన ఫాస్ఫేట్ బఫర్ దానికి పడదు, బఫరు మార్చేద్దాం. ధర ఎక్కువైతే నేను పైవాళ్ళతో తిట్లు తింటాలే."

"అది మహా పులుపమ్మా. కలిపాక పులుపు విరగ్గొట్టాలి."

"మీరు విరగ్గొట్టండి. ఇంకెవరు చేస్తారు?"

ఆ మాట చెవిన పడగానే ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఇక ఆ గదికి ముక్కుతో పని లేదు. వాసన లేని మందు. వాసన తెలియని మనిషి. ఇల్లు నిలిచింది.

"కంపుసీసాలన్నీ ఇవాళే వెనక షెడ్డుకి పంపించెయ్యండి. అక్కణ్ణించి వాటిని పట్టుకెళ్ళే బండి వస్తుంది. ఒక్కరే మొయ్యొద్దు, స్టోరాయన్ని తోడు తీసుకోండి." మేడమ్ మళ్ళీ మిషను వైపు తిరుగుతూ అంది, "జలుబు తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి."

"తగ్గిపోతుందమ్మా," అన్నాడు ముక్కాయన.

స్టోరాయన ఈయనకంటే చిన్నవాడు, లావాటివాడు. ఏ వరసా లేకపోయినా ఈయన్ని మామా అంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేతి రుమాలు మొహానికి కట్టుకుని, బందిపోటులా తయారై వచ్చాడు.

"ఏం మామా, నీ రెండో పెళ్ళాన్ని పంపించేస్తున్నావట?"

"పొమ్మంటే పోయేది ఇదొక్కటే కదరా అల్లుడూ."

"నేను తలుపులు తీస్తా, నువ్వు మొయ్యి. దగ్గరికి మాత్రం రమ్మనకు. పోయినసారి నీ పక్కన నిలబడినందుకు ఇంట్లో నాకు అన్నం అరుగు మీద పెట్టారు."

చల్లటి అలమారలోంచి సీసాలు తీశాడు ముక్కాయన. కొన్ని ఈమధ్యవి, కొన్ని ఎప్పటివో. ఎర్రమట్టి రంగు గాజు. బయటి వేడి తగలగానే సీసాల ఒళ్ళంతా చెమట పట్టి, చుక్కలు కిందికి జారాయి. వాటిని ప్లాస్టిక్ ట్రేలో గుడ్డ పరిచి సర్దాడు. ట్రేకి అడుగున సందులున్నాయి. బరువు ఆనడానికి దాన్ని పొట్టకి అదుముకున్నాడు, ఎప్పుడూ మోసినట్టే. చేతులకి తొడుగులున్నాయి. ఒంటి మీద ఉన్నది నూలు కోటు.

వెనక వరుసలోని పాత సీసా అడుగున వెంట్రుకంత బీట ఉంది. ఆయన చూపుకి అందలేదు. చుట్టూ ఉన్న సీసాల చెమటా, దాన్లోంచి కారేదీ ఒకే రంగు. అంటే ఏ రంగూ కాదు.

నడవాలోకి అడుగుపెట్టగానే అటూ ఇటూ తలుపులు ధడధడా మూసుకున్నాయి. ఎవరో నవ్వుతూ "ముక్కాయన ఊరేగింపు, దారివ్వండి!" అని కేకేశారు. ఆయన నవ్వాడు. పొట్ట మీద చల్లగా తగిలింది. చల్లటి అలమారలోంచి తీసిన సీసాలు కదా, చల్లగా ఉండవా అనుకున్నాడు. తడి తొడ దాకా దిగింది.

స్టోరాయన చాలా ముందు నడుస్తూ, రుమాలు మీద ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మామా, ఇవాళ దీని కంపు మామూలుగా లేదు. కడుపులోకి దిగుతోంది."

"ఆఖరి రోజు కదరా. అలిగి పోతోంది."

"ఈ ఒంటితో పోతే అత్త నిన్ను గడప తొక్కనిస్తుందా?"

"ఈ వాసన లేకపోతేనే తొక్కనివ్వదు. ఎవడో పరాయివాడనుకుంటుంది."

స్టోరాయన పగలబడి నవ్వి, నవ్వు మధ్యలో దగ్గు ముంచుకొచ్చి, ఆవరణ చివరి దాకా పరిగెత్తాడు. షెడ్డు తలుపు తీసి, తాళంచెవి గొళ్ళేనికి తగిలించి, గాలికి ఎదురుగా దూరంగా నిలబడ్డాడు.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి మామా. నేను పోతున్నా. తాళం నువ్వేసెయ్యి."

"పోరా, పో. నువ్వుండి ఒరగబెట్టేదేముంది."

షెడ్డు ఆవరణలో వెనక గోడని ఆనుకుని ఉంది. ఆ గోడ అవతలే క్వార్టర్ల వరస. రేకుల కప్పు, ఒక్క కిటికీ, అదీ మూసే ఉంది. లోపల ఇనప అర మీద సీసాలు ఒక్కొక్కటే వరసగా పెట్టాడు ముక్కాయన. పని తొందరగా చేసే మనిషి కాదు. ప్రతి సీసా మీది కాగితం ఇవతలికి తిప్పి, అంచుకి అంచు కలిపి పెట్టాడు. ఒకటి చేతికి మరీ తేలిగ్గా తగిలింది. ఎవరో వాడి సగంలో వదిలేసిందేమో అనుకుని దాన్నీ వరసలో పెట్టాడు. బూటులో తడి కిచకిచమంటోంది. తొడ మీద మొదట చల్లగా ఉన్నచోట ఇప్పుడు దురదగొండి ఆకు రాసినట్టు మంట. చెమటకి ఒరిసిపోయిందనుకున్నాడు. గీరుకుని ఊరుకున్నాడు.

అర మీద సీసాలు కాస్త అలుక్కుపోయినట్టు కనిపించాయి. తల విదిల్చాడు. పొద్దున్న ఆ గొట్టం చేతిలో పెట్టుకున్నప్పటి నుంచీ సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు, భోజనమూ సయించలేదు. దాని నీరసమే ఇది. మనిషికి భయం దిగిపోయాక కూడా కాళ్ళు వణుకుతాయని ఆయనకి తెలుసు. ఆమెకి చూపు పూర్తిగా పోయిందని డాక్టరు తేల్చిన రోజు బయటికొచ్చి ఇలాగే వణికాడు.

బయటికొచ్చి, తలుపు లాగి, తాళం పెట్టబోతే చెవి రంధ్రంలో పడలేదు. రెండు మూడుసార్లు చూసి, కాసేపాగి వేద్దామని గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. గాలి షెడ్డు మీదుగా క్వార్టర్ల వైపు వీస్తోంది. అటు గోడ మీద పిచ్చుకలు వాలాయి, వాలినంత వేగంగానూ లేచిపోయాయి.

ఆమెకి ఎలా చెప్పాలో కూర్చుకోవడం మొదలెట్టాడు. 'ఇల్లెక్కడికీ పోదే' అని మొదలెడితే, పోతుందని నాకు చెప్పనే లేదేం అని గొడవపెట్టుకుంటుంది. కాబట్టి ముందు మేడమ్ మాట చెప్పాలి. ఇంకెవరు చేస్తారు, అంది. ఆ మాట అన్నట్టే చెప్పాలి, ఆ గొంతుతోనే. అప్పుడు ఆమె ఏమంటుందంటే... ఏమంటుందో ఆలోచించబోయాడు గానీ ఆలోచన తడిసిన కాగితంలా చేతికి రాలేదు. తల వెనక్కి తలుపు చెక్కకి ఆన్చాడు. బాగానే ఉంది. నిద్ర ముంచుకొస్తోంది, అంతే.

గోడ అవతలి నుంచి "ఏమయ్యా!" అని వినిపించింది.

"వస్తున్నా," అన్నాడు. అన్నాననుకున్నాడు.

అవతల ఆమె వెనక మెట్టు మీద నిలబడి ఉంది. అంతకు ముందే, గాలికి ఆయన వాసన గోడ దాటి రాగానే లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించి నీళ్ళు కాచింది. బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి వేడి చూసి, వెనక మెట్టు మీద పెట్టింది. నీళ్ళ మీద చెంబు వదిలి, పక్కన సబ్బు పెట్టింది. రోజూ ఆ వాసన మొదట సన్నగా వస్తుంది, గేటు దగ్గరకి చిక్కబడుతుంది, మెట్టు ఎక్కేసరికి ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వాల్సి వస్తుంది. ఈరోజు మొదటే చిక్కగా వచ్చింది. వచ్చి, అక్కడే నిలబడిపోయింది. దగ్గరికి రాలేదు. దూరం పోలేదు.

"ఏమయ్యా, ఎవరితో కబుర్లు? నీళ్ళు చల్లారిపోతున్నాయి."

మామూలుగా అయితే బూట్ల చప్పుడైనా వస్తుంది, లేదా స్టోరాయన వాగుడైనా వినిపిస్తుంది. ఆమె తల ఒక పక్కకి వంచి విన్నది. ఎక్కడో మోటారు తిరుగుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

"ఆటలాడకు. నాకు ఓపిక లేదు."

గోడ పట్టుకుని గేటు దాకా నడిచింది. గేటు గడియ తీసింది. ఆ తర్వాతి నేల ఆమె చేతులకి తెలియదు. కాలు ముందుకి జాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ జాపింది. పట్టుకోవడానికి భుజం లేదు. ఎదురుగా గాలి మాత్రం ఉంది. మొహాన్ని దానికెదురుగా పెట్టి, రెండు చేతులూ ముందుకి చాచి, కంపు ఎటు చిక్కగా ఉంటే అటు నడిచింది. రాయి తగిలి ఒకసారి మోకాలి మీద పడింది. లేచింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆగలేదు.

వేళ్ళకి ముందు ఆయన జుట్టు తగిలింది. తర్వాత నుదురు. తర్వాత ఆ ముక్కు. దాని కింద చాలాసేపు వేలు పెట్టి ఉంచింది. వేలికి గాలి తగల్లేదు.

ఆమె అరుపుకి వచ్చినవాళ్ళు ముందు ఆమెనే దూరంగా లాగారు. ఎవరో ఆయన కోటు కోశారు, ఎవరో గొట్టంతో నీళ్ళు కొట్టారు, మేడమ్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. స్టోరాయన రుమాలు విప్పి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే అంటున్నాడు, "రోజూ వచ్చే కంపే అనుకున్నానమ్మా. మామ దగ్గర ఎప్పుడూ ఉండేదే కదా. ఆయనకి తెలీదా, ఒలికితే ఆయనకి తెలీదా అనుకున్నాను."

ఆమె అటు తిరిగింది. చెప్పాల్సిందేదో నోటి దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఇద్దరూ దాచుకున్న మాట అది. పెదవులు కదిలాయి గానీ దాన్ని బయటికి రానివ్వలేదు.

ఆయన్ని ఆంబులెన్సులోకి ఎక్కించారు. ఆమెనీ ఎక్కించారు. తెరిచి ఉన్న గేటు గాలికి ఒకసారి కొట్టుకుని ఆగింది. వెనక మెట్టు మీద బకెట్లో నీళ్ళ ఆవిరి ఎప్పుడో పోయింది. మీద తేలుతున్న చెంబు గాలికి మెల్లగా అటు తిరిగి, ఇటు తిరిగి, అంచుకి ఆనుకుని నిలబడిపోయింది.